కడిగిన గోధుమ పాలు

మంజుల అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: తాను చూడనప్పుడు ఎవరో ఒకరు తన బిడ్డ నోట్లో గోధుమ రొట్టె ముక్క పెడతారని. తేలు కుడితే తెలుస్తుంది. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. ఈ ముక్క మాత్రం కనబడదు. పెట్టేది పగవాళ్లు కాదు, ముద్దు చేసేవాళ్లే. పిడికెడంత పిల్లకు నోరు కట్టేస్తే ఎట్లా అని జాలిపడి పెడతారు, చెయ్యి కొంగుకు తుడుచుకుని పోతారు. ఆ తర్వాత పిల్ల కడుపు కుండలా ఉబ్బుతుంది. కాళ్లూ చేతులూ పుల్లలవుతాయి. గోడకు ఆనుకుని కూర్చుని, ఆడుకునే పిల్లలను ముసలివాళ్లు చూసినట్టు చూస్తుంది.

అందుకే పొద్దున లేవగానే మంజుల చేసే మొదటి పని నవ్యశ్రీ చేతికి గాజు తొడగడం. పిల్ల రెండో ఏట బోథ్ అంగట్లో కొన్న ఎర్ర రబ్బరు గాజు అది. మణికట్టు దాటించి, మోచెయ్యి మీదుగా మెల్లగా పైకి తోస్తుంది. ఒంట్లో బాగున్న రోజుల్లో గాజు టీకా మచ్చ కిందనే బిగిసిపోయేది. చలికాలమంతా అట్లా బిగిసింది. శివరాత్రి పోయిన దగ్గర నుంచి కొద్దికొద్దిగా వదులవుతూ వచ్చింది. ఆ రోజు అసలు ఆగనే లేదు. టీకా మచ్చ మీద నుంచి జారి చంక దాకా పోయింది.

"అత్తా" అని పిలిచింది మంజుల, గాజు తీయకుండానే.

చంద్రవ్వ పొయ్యి ముందు జొన్న రొట్టె కొడుతోంది. అరచేతి చప్పుడు ఆగలేదు. "ఊఁ."

"నిన్న నేను బట్టలు పిండవోయినప్పుడు పోరి ఏమన్న తిన్నదా?"

"నువ్వు గిన్నెల పెట్టిపోయిందే తిన్నది."

"శానసేపు నీ ఒళ్లెనే కూసున్నది గద."

"కూసున్నది. ఒళ్లె కూసుంటె గూడ కడుపు ఉబ్బుతదా ఏంది?" చంద్రవ్వ రొట్టెను పెనం మీద పరిచి, దాని మీద తడి చెయ్యి తిప్పింది.

మంజుల పిల్ల చేతి నుంచి గాజు తీసింది. అత్త మాటల్లో అబద్ధం వెతకడం ఈ మధ్య ఆమెకు అలవాటైపోయింది. ఆ ఇంట్లో రెండు రకాల రొట్టెలు. మామ భూమన్నకూ, భర్త కుమార్‌కూ గోధుమవి, చంద్రవ్వకు జొన్నవి. గోధుమ రొట్టె తింటే కడుపులో గాలి తిరుగుతుందని, నోరు పూస్తుందని చంద్రవ్వ ఎప్పుడూ అంటుంది. ఇంటిల్లిపాదికీ చపాతీలు కాలిన తర్వాత తన ఒక్కదాని కోసం మళ్లీ పొయ్యి ఎగదోయమంటుంది. కోడలిని ఇంకొంతసేపు పొయ్యి ముందు నిలబెట్టడానికే ఆ రోగం అని మంజుల పెళ్లైన కొత్తలో అనుకుంది. ఆ అనుమానాన్ని పోగొట్టుకోవలసిన అవసరం తర్వాత ఎప్పుడూ రాలేదు.

కుమార్ ఇంట్లో లేడు. వరికోత మిషన్ నడుపుతాడు. సీజన్ మొదలైతే మిషన్‌తో పాటు మహారాష్ట్ర దిక్కు పోతాడు. ఫోన్ చేస్తే ఇంజను చప్పుడే ఎక్కువ వినబడుతుంది. "అవ్వను అడుగు, బాపును అడుగు" అనే రెండు మాటలు మాత్రం అర్థమవుతాయి.

మంజుల అలమరలో నుంచి స్టీలు డబ్బా దించింది. అందులో తెల్లటి పొడి ఉంది, ముట్టుకుంటే వేళ్ల మధ్య కిరకిరలాడుతుంది. రెండు చెంచాలు తీసి చల్లని పాలలో కలిపి, చిన్న మంట మీద తిప్పసాగింది. గంజి చిక్కబడే కొద్దీ మెరుపు తేలింది.

"గది గోధుమదే గద" అంది చంద్రవ్వ, రొట్టె తిరగేస్తూ. రోజూ అనే మాటే.

"బంక తీసిందత్తా. నీకు తెల్వది."

అదొక్కటి మాత్రం తనకు తెలుసునని మంజుల నమ్మకం. నిరుడు వానకాలం ఆదిలాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి చెప్పింది: గోధుమలో ఒక బంక ఉంటుంది, అదే రొట్టెను సాగదీస్తుంది, ఈ పిల్ల పేగుకు అది పడదు, అన్నం, జొన్న, మక్క ఏదైనా పెట్టు, గోధుమ మాత్రం జన్మలో వద్దు. బంక అనే మాట వినగానే మంజులకు తొమ్మిదో తరగతి గది కళ్లముందుకు వచ్చింది. సైన్సు సారు పిండి ముద్దను నీళ్ల గ్లాసులో పిసికాడు. తెల్లటి పాలు గ్లాసు అడుగుకు దిగాయి. సారు చేతిలో రబ్బరు లాంటి ముద్ద మిగిలింది. సారు రెండింటి పేర్లూ బోర్డు మీద రాశాడు. ఆ పాఠంలో మిగతా సగం వినడానికి మంజుల మళ్లీ బడికి పోలేదు. కానీ గ్లాసు అడుగున దిగిన ఆ తెలుపు ఆమెకు బాగా గుర్తుంది.

నవ్య గంజి తాగింది. రెండు గుటకలకే గిన్నె పక్కకు జరిపింది.

"తాగు బిడ్డా. బలమస్తది."

"కడుపు నిండింది."

"ఏం తిని నిండింది?" అని అడిగి, మంజుల అత్త వైపు చూసింది.

*

ఇంటి ముందు పట్టా పరిచి గోధుమలు ఎండబోశారు. వాళ్లది చిన్న మడి. చేత్తో కోసి, మిషన్‌కు వేసి తెచ్చారు. ఆ పట్టా పరిచిన దగ్గర నుంచి మంజులకు కుదురు లేదు. గాలి తిరిగితే పొట్టు ఇంట్లోకి వస్తుంది. నీళ్ల బిందె మీద మూత, మూత మీద బట్ట, పిల్ల కంచం మీద ఇంకొక కంచం. వాకిట్లోంచి ఎవరు లోపలికి వచ్చినా కాళ్లు కడుక్కున్నారా అని చూస్తుంది.

భూమన్న పట్టా అంచున గొంతుకూర్చుని గింజలు దోసిట్లోకి ఎత్తి వదులుతున్నాడు. గింజలు పడే చప్పుడు ఆయనకు నచ్చలేదు. కొన్ని నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలి, నాలుక మీద మిగిలినదాన్ని రెండు వేళ్లతో బయటికి తీసి సాగదీశాడు. బూడిద రంగు తీగ, తెగకుండా సాగింది.

"చూడు బిడ్డా, గీసారి పంట. పాలు పోసుకునే యాళ్లకే ఎండ దంచె. గింజ లోపల పిండి నిండకముందే ఎండిపాయె. పిండి లేదు, ఒట్టి బంకనే."

"బంకేమో ఎట్లొచ్చింది మరి మామా, గింజ నిండకుంటె?"

"గది ముందుగాలనే వస్తదేమో. పిండే యెనుకవడ్డది." భూమన్న తీగను మట్టిలో పారేసి కాలితో రాశాడు. మనవరాలు ఉన్న చోట ఉమ్మకూడదని ఆయనకూ తెలుసు. "పచ్చి కంకి పిండితె పాలు వస్తయి సూడు, వేళ్ల నడుమ రాస్తె గవ్విటికి గూడ జిగటుంటది. మొదట్ల నుంచే ఉన్నట్టుంది గది."

మంజులకు ఆ మాట చెవిలో పడింది. కానీ లోపలికి దిగలేదు. ఆమె కళ్లు చూరు కింద నీడలో ఉన్నాయి. అక్కడ చంద్రవ్వ చాటతో గింజలు చెరుగుతోంది. నవ్య ఆమె మోకాలికి ఒరిగి ఉంది. చంద్రవ్వ చాట ఆపి, కొంగు ముడి విప్పి, ఏదో తీసి పిల్ల నోటికి అందించింది. పిల్ల దవడ ఆడింది.

మంజుల లేచి అటు నడిచింది. ఆమె చేరేసరికి కొంగు ముడి మళ్లీ బిగిసి నడుములోకి పోయింది.

"ఏం పెట్టినవ్?"

"ఏం లే. నోరు ఎండిందట."

"నోరు దెరువ్" అంది మంజుల పిల్లతో. నవ్య నోరు తెరిచింది. నాలుక మీద ఏమీ లేదు. మంజుల వేలు పెట్టి చిగుళ్ల పక్కన తడిమింది. పిల్లకు వాంతి వచ్చినంత పని అయింది.

"పరేషాన్ జేయకు పోరిని" అంది చంద్రవ్వ. ఆమె చాట మళ్లీ ఆడసాగింది. పొట్టు గాలికి లేచి, మంజుల ముఖం మీదుగా పోయింది.

*

పక్కింటి తారాబాయి ఎండాకాలం మొదట్లో కుర్డయిలు పెడుతుంది. వాళ్ల ముత్తాతలు నదికి అవతలి నుంచి వచ్చారు. మాట తెలుగైనా వంట మరాఠీదే. గోధుమలను రోజూ నీళ్లు మారుస్తూ నానబెడుతుంది, పులిసిన వాసన వీధి మలుపు దాకా వచ్చినప్పుడు రుబ్బుతుంది. రుబ్బిన ముద్దను నీళ్ల తొట్టిలో పిసికి, పొట్టునూ బంకనూ పైకి తీసి పశువులకు వేస్తుంది. మిగిలిన పాలను పలుచటి బట్టలో వడకట్టి వదిలేస్తే, తెల్లవారేసరికి తేట పైకి, తెల్లటి ముద్ద అడుగుకు. ఆ ముద్దను ఆమె చీక్ అంటుంది. ఉప్పు వేసి ఉడికించి, మురుకుల గొట్టంలో ఒత్తి, ఎండలో ఆరబెడితే కుర్డయి.

శివరాత్రి తర్వాత మొదటి విడత పెట్టినప్పుడు మంజుల ఆ అడుగు తెలుపు చూసింది. సైన్సు సారు గ్లాసే అది. కొంచెం అడిగి తెచ్చుకుని, ఎండబెట్టి, పొడి చేసి డబ్బాలో పోసుకుంది. పరమాన్నం తప్ప మరో తీపి లేని పిల్లకు గోధుమ బలాన్ని బంక లేకుండా ఇస్తున్నానని, ఈ ఉపాయం డాక్టరమ్మకు కూడా తోచలేదని, లోలోపల ఆమెకు గర్వంగానే ఉంది.

ఇప్పుడు రెండో విడత. మంజుల బట్ట ఒక కొస పట్టుకుంది, తారాబాయి రెండో కొస.

"అగ మంజులా, గట్టిగ వట్టు. పాలు పారవోసుకుంటె నీ మామను పట్టుకొచ్చి నేల నాకిపిస్త."

మంజుల నవ్వలేదు. తారాబాయి ఒకసారి ఆమె ముఖం చూసి, బట్ట మెలిపెట్టింది. పాలు సన్నగా కారాయి.

"గీసారి మా గహూ గింజలు గూడ ఖరాబే. పిసికితె తొట్టి నిండ రబ్బరు. తెల్లారి చూస్తె అడుగుకు చీక్ గింతే." వేలి కణుపు చూపింది. "నీళ్లు గూడ తేటవడ్తలేవు. ఎన్నిసార్లు మార్చినా పైన మబ్బు మబ్బే."

"బంకంత పోయినట్టే గద బాయీ?"

"పోకుంటె కుర్డయి గంత తెల్లగెట్లయితది? చూడరాదు, మల్లెపువ్వోలె లేదా?"

మంజుల చూసింది. నిజంగానే తెల్లగా ఉంది. ఆమె మనసు ఆ తెలుపు మీద కాసేపు కుదుటపడి, మళ్లీ కొంగు ముడి మీదికి పోయింది. చూసింది చూసినట్టు చెప్పేసింది. మోకాలికి ఒరిగిన పిల్ల, ఆడిన దవడ, బిగిసిన ముడి.

తారాబాయి తొట్టి మీద మూత పెట్టి, చేతులు దులుపుకుంది. "ముసలోళ్ల చెయ్యి ఊకుంటదా. మా అత్త, మా సాసు గూడ అంతే, నా పోరనికి విరేచనాలైతుంటె చాటుకు చాయ్ ల బిస్కెట్ ముంచి పెట్టేది. అడిగితె నేనా, నాకేం తెల్సు అనేది."

"మరి నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త. ముసల్ది సచ్చినంక ఏడ్సిన." తారాబాయి నవ్వింది. మంజుల పోయేముందు, నిన్న వడకట్టి దిగిన చీక్ ఒక గిన్నె నిండా తీసి ఆమె చేతిలో పెట్టింది. "పోరికి పెట్టు. బలముంటది."

*

రెండు రోజులు గడిచాయి. నవ్యకు విరేచనాలు పట్టుకున్నాయి. అంగన్‌వాడీకి పోయిన పిల్లను ఆయమ్మ ఎత్తుకుని తెచ్చి దింపింది, నిలబడనంటుంది అని చెప్పి. మంజుల గాజు తొడిగి చూడలేదు. చూడవలసిన పని లేదు. పిల్ల మెడ వెనక ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి.

మధ్యాహ్నం వాకిట్లో గోధుమలు సంచులకు ఎత్తుతున్నారు. భూమన్న సంచి మూతి పట్టుకున్నాడు, చంద్రవ్వ తట్టతో పోస్తోంది. తారాబాయి జల్లెడ అడగడానికి వచ్చి గేటు దగ్గర నిలబడింది. మంజుల పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. తడిసిన లంగా మార్చింది అప్పుడే, ఆమె చేతులు ఇంకా సబ్బు వాసన వేస్తున్నాయి.

"అత్తా, కొంగు ఇప్పు."

చంద్రవ్వ తట్ట పట్టుకుని ఆగింది. "ఏంది?"

"కొంగు ఇప్పు అంటున్న. ఏం పెడుతున్నవో మామ గూడ చూడని."

"మంజులా" అన్నాడు భూమన్న.

"నువ్వాగు మామా. డాక్టరమ్మ చెప్పంగ ఈమె గూడ ఇన్నది. ఇని తలకాయ ఊపింది. ఊపి, తల్లి ముంగట పెట్టే ధైర్నం లేక చాటుకు పెడుతున్నది. నా బిడ్డను తిండి పెట్టి సంపుతున్నది."

ఆఖరి మాట తన నోటి నుంచి వచ్చిన తర్వాత మంజులకు కూడా వినబడింది. అయినా ఆగలేదు, వెనక్కి తీసుకోలేదు.

చంద్రవ్వ తట్ట కింద పెట్టింది. నడుములోంచి కొంగు లాగి ముడి విప్పింది. అది గట్టిగా బిగిసి ఉంది, పంటితో వదులు చేయవలసి వచ్చింది. అందులో కాసిన్ని జొన్న పేలాలు, నలిగిన బెల్లం ముక్క. అరచేతిలో పోసి, కోడలికి కనబడేటట్టు ముందుకు చాపింది.

"ఆకలైతుంది అవ్వా అంటది. నీ గంజి తాగదాయె. జొన్న నువ్వు వద్దనలే గద."

గేటు దగ్గర తారాబాయి జల్లెడ సంగతి మరిచి చూస్తోంది. మంజుల ఆ చేతి వైపు చూసింది, తారాబాయి వైపు చూసింది. అప్పుడు తగ్గి ఉంటే అంతటితో పోయేది.

"ఇయ్యాల జొన్నలున్నయి. నిన్న ఏముండె ఎవలికెరుక" అంది.

చంద్రవ్వ పేలాలను మళ్లీ ముడి వేయలేదు. కోళ్లు తిరిగే వైపు విసిరేసి, తట్ట ఎత్తుకుని గోధుమలు పోయడం మొదలుపెట్టింది.

మరునాడు పొద్దున ఆమె చిన్న సంచితో బయలుదేరింది. బిడ్డ మమతారాణి మందమర్రిలో ఉంటుంది, అల్లుడు బొగ్గుబావిలో పని. భూమన్న రోడ్డు దాకా వెంట నడిచాడు. ఆపలేదు, ఆపితే ఆగే మనిషి కాదని ఆయనకు తెలుసు. మంజుల పిల్లను ఎత్తుకుని గేటు దగ్గరే నిలబడింది. రోడ్డు గేటు ముందే, బస్సు అక్కడే ఆగుతుంది.

"కుండల జొన్నపిండి పట్టిచ్చి పెట్టిన" అంది చంద్రవ్వ, ఆమె వైపు చూడకుండా. "పోరికి పలుచగ కొట్టు. అంచు గట్టివడితె మింగది."

బస్సు వచ్చింది. చంద్రవ్వ ఎక్కి, పై కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఎత్తింది. మణికట్టు మీది మట్టిగాజులన్నీ ఒక్కసారిగా జారి, మోచెయ్యి కూడా దాటి భుజం వైపు పోయాయి. నవ్య "అవ్వా" అని చెయ్యి ఊపింది. బస్సు కదిలింది.

*

ఇక పిల్ల కోలుకోవాలి. మంజుల లెక్క అది. పెట్టే చెయ్యి పోయింది కాబట్టి కడుపు తగ్గాలి, గాజు బిగియాలి. తారాబాయి ఇచ్చిన కొత్త చీక్‌తో ఆమె గంజి ఇంకా చిక్కగా కాచింది, పిల్లకు తక్కువైన బలమంతా ఒక్కసారే ఇవ్వాలన్నట్టు. ముక్కు మూసి తాగించింది.

గాజు బిగియలేదు. పిల్ల పెదవుల మూలలు పగిలాయి. జుట్టు దువ్వితే దువ్వెన నిండా వచ్చింది.

అనుమానించడానికి ఇంట్లో మనిషి మిగలకపోయేసరికి మంజులకు కాలు నిలవలేదు. భూమన్న మనవరాలి తల నిమిరితే ఆయన చేతులు వాసన చూసింది. అంగన్‌వాడీకి పోయి ఆయమ్మతో గొడవపడింది. "నీ పోరి గిన్నె వేరే, చెంచా వేరే, ఇంక మమ్ముల ఏం జేయమంటవ్" అని ఆమె కూడా ముఖం తిప్పుకుంది. వాకిలి నాలుగుసార్లు ఊడ్చింది. చంద్రవ్వ పడుకునే మంచం దులిపి, బొంత ఎండలో వేసింది. బొంత కింద దాచిన రొట్టె ముక్క దొరుకుతుందని ఆశ. ఒక దువ్వెన, అగ్గిపెట్టె, నోటిపూతకు రాసుకునే మందు గొట్టం దొరికాయి. గొట్టం చివరిదాకా పిండేసి ఉంది.

చివరికి పిల్లను తీసుకుని ఆదిలాబాద్ బస్సెక్కింది. సంచిలో స్టీలు డబ్బా పెట్టుకుంది. తాను ఎంత జాగ్రత్తగా ఉందో డాక్టరమ్మకు చూపించాలి. అత్త చేసిన పనిని డాక్టరమ్మ నోటితో చెప్పించి, ఫోన్‌లో కుమార్‌కు వినిపించాలి.

డాక్టరమ్మ ఉమారాణి నవ్య కడుపు తట్టి చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. బరువు చూసి, వెనకటి బరువు చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"గోధుమ ఎక్కడో పోతున్నది మంజులా."

"పోతున్నది మేడం. మా అత్త పెట్టింది. నేనైతే ఇగో, గిదొక్కటే." మంజుల డబ్బా మూత తీసింది. "గోధుమ పాలు. నానవెట్టి, కడిగి, వడగట్టి తీసింది. దీంట్ల బంక లేదు, ఒట్టి పిండే. బడిల చూసిన నేను."

డాక్టరమ్మ పొడిని వేళ్ల మధ్యకు తీసుకుంది. కాసేపు దాన్నే రాస్తూ ఉండిపోయింది. ఆమె కోప్పడితే బాగుండునని మంజులకు అప్పుడే ఎందుకో అనిపించింది.

"ఎన్ని దినాలాయె పెట్టబట్టి?"

"శివరాత్రి అయినంక. పొద్దున, మాపు."

"నువ్వు చూసింది నిజమే" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "కడిగితే చాలా బంక పోతది. కానీ మొత్తం పోదు. గింజ పాలు పోసుకునేటప్పుడు పిండి రవ్వలూ బంకా ఒకే గదిలో, ఒకదాన్నొకటి ఆనుకుని పెరుగుతయి. గింజ ఎండేసరికి పిండి రవ్వ చుట్టూ బంక అల్లుకుని ఉంటది. నువ్వు బట్టల వడకట్టినా, ఆ రవ్వకు అంటుకున్నది అట్లనే దిగుతది అడుగుకు. తెల్లగ కనబడుతది, కంటికి తెల్వది. మనకైతే ఏం కాదు. ఈ పిల్లకు చిటికెడు చాలు."

మంజుల డబ్బాలోకి చూసింది. పచ్చి కంకి పాలకు కూడా జిగటుంటుందని భూమన్న అన్న మాట ఇప్పుడు లోపలికి దిగింది. తేటపడని నీళ్ల గురించి తారాబాయి అన్న మాట కూడా. అందరూ చెప్పారు. అది గోధుమదే గద అని పొయ్యి ముందు కూర్చుని రోజూ చెప్పిన మనిషి కూడా.

"ఈ ఎండలకు ముడుచుకుపోయిన గింజయితే ఇంక ఎక్కువ ఉంటది" అంటూ డాక్టరమ్మ మందులు రాస్తోంది. "ఆపేసెయ్. పేగు మళ్ల మానుతది, ఫికర్ చేయకు. పిల్ల కోలుకుంటది." కలం ఆగింది. "నిరుడే అడుగుదామనుకుని మరిచిన. ఇది రక్తంల నుంచి వచ్చే రోగం. మీ ఇంట్ల పెద్దోళ్లకు ఎవరికన్నా ఇట్లా ఉందా? గోధుమ తింటే కడుపు ఉబ్బుడు, నోరు పూసుడు, మనిషి రక్తం లేక పీలగుండుడు?"

మంజుల నోరు తెరిచింది. నవ్య తల్లి ఒళ్లో నుంచి డాక్టరమ్మ వైపు చూసి, అడిగిన ప్రశ్నకు తనకు జవాబు తెలిసినందుకు సంబరంగా చెప్పింది:

"మా అవ్వకు. మా అవ్వ గోధుమ రొట్టె తినది."

*

డబ్బాలో పొడిని మంజుల ఇంటికి తీసుకుపోలేదు. బస్టాండు వెనక మురికి కాలువలో పోసింది. నీళ్లు కొంతసేపు తెల్లగా పారాయి.

ఇంటికి రాగానే మామకు అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. భూమన్న విని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పెండ్లైనప్పటి సంది గట్లనే ఉన్నది అది. మన జొన్నలే మనకు మంచియి అంటే, పిసినారిదని మేమే నవ్వేటోళ్లం" అన్నాడు. అంతకు మించి కోడలిని ఏమీ అనలేదు. అని ఉంటే మంజులకు తేలికయ్యేది.

చంద్రవ్వకు ఫోన్ లేదు. మమతారాణికి చేసింది. మమతారాణి ఎత్తి, "మా అవ్వ నీతోటి మాట్లాడదట వదినె" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. భూమన్న తన ఫోన్‌తో చేశాడు, స్పీకరు పెట్టి.

"మంచిగనే ఉన్నది బాపూ. మా ఆయనకు షుగర్ గద, మాపటికి అందరికి చపాతీలే జేస్త. అవ్వ గూడ గవ్వే తింటున్నది. నీ ఇంట్ల ఒక్కదాని కోసం జొన్న రొట్టె కొట్టుకున్నట్టు ఈడ కొట్టుకుంటదా, బిడ్డ ఇల్లాయె."

"తినకు అని చెప్పు బిడ్డా. డాక్టరమ్మ..."

"ఆ డాక్టరమ్మ సుద్దులు వదినె నేర్పిందా?" మమతారాణి నవ్వింది, ఆ నవ్వులో నవ్వు లేదు. "మొన్న మనుమరాలికి పెడుతున్నదని సంచితోటి పంపిర్రి. ఇప్పుడు ఆమెనే తినొద్దంటున్నరా? ఇంకేం తినాల్నో చీటీ రాసి పంపుండ్రి. కొంచెం నీర్సముంది, పండుకున్నది. లేపను."

ఫోన్ పెట్టేసిన తర్వాత మంజుల వాకిట్లోకి వచ్చింది. గోధుమ సంచులు ఇంకా గోడ వార ఉన్నాయి. మబ్బు పడుతోంది, భూమన్న వాటి మీద పట్టా కప్పుతున్నాడు. ఇవి మార్కెట్‌లో పడగానే తానే పోయి చంద్రవ్వను తీసుకొస్తానంటున్నాడు. నవ్యకు ఇంకా విరేచనాలు ఆగలేదు, అంత దూరం బస్సులో తిప్పేటట్టు లేదు. విడిచిపెట్టి పోదామంటే ఇంట్లో మరో ఆడమనిషి లేదు. ఉన్న ఒక్కరినీ తనే పంపింది.

ఆమె లోపలికి పోయి కుండలోని జొన్నపిండి తీసింది. వేడినీళ్లు పోసి కలిపి, చంద్రవ్వ కూర్చునే చోట కూర్చుని కొట్టింది. అంచు పగిలింది. మళ్లీ ముద్ద చేసి మళ్లీ కొట్టింది. ఈసారి పలుచగా వచ్చింది. నవ్య మధ్యలోది తిని, అంచు పళ్లెంలోనే వదిలేసింది. "అవ్వ చేస్తే అంచు గూడ తింట" అంది.

గంజి ఆపిన నాలుగు రోజులకు, గాజు ఇవాళ చంక దాకా పోలేదు, టీకా మచ్చ మీద ఆగింది. బిగిసి కాదు, వదులుగానే. అయినా ఆగింది.

మీలో ఎవరైనా మందమర్రి దిక్కు పోయేవాళ్లుంటే, ఒక్క పని చేసిపెట్టండి. బొగ్గుబావి క్వార్టర్లలో మమతారాణి ఇల్లు అడిగితే చూపిస్తారు. మాపటి వేళ పొండి. లోపల చంద్రవ్వ ఉంటుంది. మంజుల తప్పు తెలుసుకుందని చెబితే నమ్ముతుందో లేదో, ఆ మాట తర్వాత. ముందు ఆమె పళ్లెంలో ఏ రొట్టె ఉందో చూడండి. మంచినీళ్లు అడగండి, ఆమె లేచి బిందె మీది చెంబు కోసం చెయ్యి ఎత్తుతుంది. అప్పుడు ఆమె గాజులు ఎక్కడిదాకా జారుతున్నాయో చూసి, మంజులకు ఒక్క ఫోన్ చేయండి.